బల్ల అంచు దాటిన గుర్రాలు

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరుతూ నల్లగొండ జిల్లా పాఠకుడొకరు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. ఆయన ప్రభుత్వోద్యోగి. పదకొండేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు తన అక్క భర్తతో కలిసి మేడ మీది గదిలో చిన్న బొమ్మ సైనికులతో వార్‌గేమ్, అంటే పాత యుద్ధాలను బల్ల మీద నడిపే ఆట, ఆడుతున్నారు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ షీటును కోయించి 6 అడుగుల ముక్కను బల్లగా చేసుకున్నారు. మిగిలిన 2 అడుగుల ముక్క బీరువా వెనక నిలబెట్టి ఉంది. నియమాలన్నీ ఒక లాంగ్ నోటుబుక్కులో ఇద్దరూ కలిసి రాసుకున్నవే.

నెల క్రితం వాళ్లు 1520 నాటి రాయచూరు యుద్ధాన్ని ఆడారు. పాఠకుడిది విజయనగరం, దక్షిణాన ఉంది. బావది బీజాపూర్, ఉత్తరాన ఉంది. ఆట మొత్తం 8 వంతులు. నాలుగో వంతులో బావ ఏనుగుల దళం బెదిరి ఉత్తరపు అంచు దాటి పారిపోయింది. ఐదో వంతులో పాఠకుడి గుర్రపు దళం పడమటి కొసన బావ గుర్రాలను చెదరగొట్టి, వాటిని తరుముతూ పాచికల లెక్క ప్రకారం 11 అంగుళాలు కదలవలసి వచ్చింది. అంచు 7 అంగుళాల దూరంలోనే ఉండటంతో దళం బల్ల దాటి 4 అంగుళాలు బయట తేలింది. "అంచు దాటింది బామ్మర్ది, తీసెయ్" అన్నాడు బావ. "నావి గెలిచి పోయినయ్, మళ్ల వస్తయ్" అన్నారు పాఠకుడు. "నా ఏనుగులు పోయినప్పుడు నువ్వే గద తీసి పెట్టెల పెట్టినవ్" అని బావ బీజాపూర్ పెట్టె సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. మూడు ఆదివారాలుగా రాలేదు. అక్క ఫోన్ చేసి "ఏమైందిరా మీ ఇద్దరికి?" అని అడిగితే ఈయన చెప్పలేకపోయారు. ఎవరి మాట న్యాయం, ఇకముందు ఏ నియమం పెట్టుకోవాలి, బావను ఎలా పిలవాలి అన్నవి ఆయన ప్రశ్నలు. చివర ఇంకో చిన్న ప్రశ్న కూడా ఉంది. దళం సగం బల్ల మీద, సగం బయట ఉంటే ఏం చేయాలని అడిగారు.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి గుర్రాల గురించే ఆలోచించాను. రెండోసారి, ఐదో పేజీలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన ఏనుగుల దగ్గర ఆగిపోయాను. ఆరో పేజీలో మరో సంగతి ఉంది. పోయిన సంవత్సరం పానిపట్టు ఆడినప్పుడు మీరు మరాఠా సేనాని మల్హర్ రావ్ హోల్కర్ దళాన్ని చివరి వంతులో అంచు దాటించి, "ఇది చావలేదు కాబట్టి నష్టం లెక్కకు రాదు" అని 3 పాయింట్ల తేడాతో గెలిచారని రాశారు. ఆ రోజు మీ బావ ఏమీ అనలేదు. అంటే అంచు దాటిన దళం మీదైనప్పుడు రెండుసార్లూ బతికింది, ఆయనదైనప్పుడు చచ్చింది. ఈ మూడు సంఘటనలను వరసగా పేరిస్తే మీ బావ పెట్టె సర్దుకున్నది ఒక్క గుర్రపు దళం కోసం కాదని మీకే తెలుస్తుంది.

అక్షరం ప్రకారం చూస్తే మాత్రం తప్పు మీ వైపు లేదు. మీ నోటుబుక్కులో ఉన్నది "ఓడి పారిపోతూ అంచు దాటిన దళం నష్టం కింద లెక్క" అన్న ఒక్క మాటే అని మీరే ఎత్తి రాశారు. దాని ప్రకారం ఏనుగులు పోయినట్టే. గెలిచి తరుముతూ దాటిన దళం గురించి, ఎవరూ తరమకుండా తనంతట తాను వెళ్లిపోయిన దళం గురించి పుస్తకంలో ఏమీ లేదు. నియమం లేని చోట మీరు మీకు అనుకూలంగా అర్థం చెప్పుకున్నారు, ఆయన తాను కళ్లారా చూసినదాన్నే నియమంగా తీసుకున్నారు. నన్ను తీర్పు చెప్పమంటే నియమం మీ పక్షాన, న్యాయం ఆయన పక్షాన ఉన్నాయని చెబుతాను. ఇది మీకు కష్టంగా ఉండవచ్చు, కానీ ఇది ఒప్పుకుంటే తప్ప మిగతా చిక్కు విడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. యుద్ధభూమికి అంచు ఉండదు. మీ బల్లకు అంచు ఉన్నది ప్లై షీటు అంతవరకే దొరికింది కాబట్టి, మీ గదిలో అంతే పడుతుంది కాబట్టి. అందువల్ల ఒక దళం ఆ గీత దాటినప్పుడు అది నిజంగా ఎక్కడికి వెళ్లింది అన్న ప్రశ్నకు బల్ల జవాబు చెప్పలేదు, ఆడేవాళ్లే ముందుగా చెప్పుకోవాలి. మనకు తెలిసిన ఆటలు కూడా దీనికి ఒకే జవాబు ఇవ్వలేదు. క్యారమ్స్‌లో ఎగిరి బోర్డు బయట పడిన కాయిన్‌ను తెచ్చి నడుమ పెడతారు. కబడ్డీలో గీత దాటినవాడు ఔటే, అయినా తన జట్టు అవతలివాణ్ని ఔట్ చేస్తే తిరిగి లోపలికి వస్తాడు. రెండూ సరైనవే, ఎందుకంటే ఆడేవాళ్లందరికీ ఆట మొదలు కాకముందే అవి తెలుసు.

మీరు ఆడిన రాయచూరు యుద్ధమే ఈ విషయాన్ని నేను చెప్పగలిగినదానికంటే బాగా చెబుతుంది. బీజాపూర్ సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా కృష్ణా నది దాటి దక్షిణపు ఒడ్డుకు వచ్చి, నదిని వెనక పెట్టుకుని నిలబడ్డాడు. మొదట ఆయన ఫిరంగుల దెబ్బకు విజయనగరం ముందు వరస చెదిరింది. కృష్ణదేవరాయలు వెనక వరసను స్వయంగా కూడగట్టుకుని మీద పడ్డాక బీజాపూర్ సేన వెనుదిరిగి నదిలో పడింది. ఎంతో మంది అక్కడే పోయారు. ఆదిల్ షా ఏనుగునెక్కి నది దాటి ప్రాణం దక్కించుకున్నాడు. అంటే మీ బల్లకు ఉత్తరపు అంచు అంచు కాదు, అది కృష్ణ. ఆ వైపు బెదిరి పరిగెత్తిన ఏనుగుల దళం ఆ రోజు పోరుకు తిరిగి రాదని చెప్పడం సమంజసమే. పడమటి అంచు అవతల ఉన్నది మైదానం. అక్కడికి తరుముతూ వెళ్లిన గుర్రాలు ఏ నదిలోనూ పడలేదు, ఏ కొండ మీదినుంచీ దొర్లలేదు. ఒకే బల్లకు ఉన్న రెండు అంచులకు రెండు అర్థాలు ఉన్నప్పుడు, ఉత్తరపు అంచు నియమాన్ని పడమటి అంచుకు మోయడం మీ బావ చేసిన పొరపాటు. ఆ తేడాను ఆట మొదలుపెట్టే ముందు చెప్పకుండా మీ గుర్రాలు దాటిన తర్వాత చెప్పడం మీ పొరపాటు.

అయితే గెలిచి తరుముతూ పోయిన దళం తప్పక వస్తుందన్న మీ నమ్మకాన్ని చరిత్ర అంతగా సమర్థించదు. క్రీ.పూ. 301లో అలెగ్జాండర్ సేనానుల వారసత్వ పోరులో, ఇప్సస్ దగ్గర దెమిత్రియస్ తన గుర్రాలతో ఎదుటి రెక్కను, అంటే సేన పక్క భాగాన్ని, చెదరగొట్టి దూరం వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి, చంద్రగుప్త మౌర్యుడితో సంధి చేసుకుని సెల్యూకస్ పొందిన ఏనుగులు దారికడ్డంగా నిలిచాయి. దెమిత్రియస్ తండ్రి ఆంటిగోనస్ నడుమన ఒంటరిగా మిగిలి చనిపోయాడు. 1645లో ఇంగ్లండ్‌లోని నేస్బీ దగ్గర రాజు పక్షపు సేనాని రూపర్ట్ గుర్రాలు తమ ఎదుటి రెక్కను చెదరగొట్టి సామాన్ల బండ్ల దాకా వెళ్లాయి. అవి మళ్లి వచ్చేలోపు రాజు పక్షపు కాల్బలం అణగిపోయింది. ఇద్దరి గుర్రాలూ చావలేదు, ఇద్దరి గుర్రాలూ సమయానికి అందలేదు. మీ నియమం ఈ రెండింటికీ చోటివ్వాలి. దళం పోయిందనీ అనకూడదు, వెంటనే వచ్చేసిందనీ అనకూడదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. ఏ అంచు ఎలా దాటినా పోయినట్టే అన్న కఠిన నియమం అన్నిటికంటే సులభమైనది. వాదన రాదు, లెక్క సులువు, తెలియనివాళ్లతో పోటీగా ఆడేటప్పుడు ఇదే మేలు. కానీ అప్పుడు బల్ల నాలుగు వైపులా లోయ ఉన్నట్టు అవుతుంది. ఇద్దరూ అంచుకు అడుగు దూరంలో ఉండిపోతారు, మీ 4 అడుగుల వెడల్పులో నిజంగా వాడేది 2 అడుగులే అవుతుంది. ఎదుటి దళాన్ని గెలవడం కంటే అంచు వైపు నెట్టడమే ఉపాయంగా మారుతుంది. పదకొండేళ్లు కలిసి ఆడిన మీ ఇద్దరికీ ఇంత మొరటు నియమం అవసరం లేదని నా అభిప్రాయం.

పాచిక వేసి తిరిగి రప్పించడం రెండో దారి. అంచు దాటిన మరుసటి వంతు వదిలేసి, ఆ తర్వాత ప్రతి వంతులో ఒక పాచిక వేస్తారు. అనుకున్న సంఖ్య పడితే దళం దాటిన చోటికి 6 అంగుళాల లోపల ముఖం లోపలికి పెట్టి ప్రవేశిస్తుంది, ఆ వంతులో మాత్రం మీద పడటానికి వీల్లేదు. ఇక్కడ ఏ సంఖ్య పెట్టుకుంటారన్నదే ముఖ్యం, అందుకని మీ ఆటకే లెక్క కట్టి చూశాను. మీ గుర్రాలు ఐదో వంతులో దాటాయి కాబట్టి ఏడు, ఎనిమిది వంతుల్లో రెండే పాచికలు పడతాయి. 4 లేదా అంతకంటే ఎక్కువ పడాలంటే రెండిటిలో ఒకసారైనా పడే అవకాశం నాలుగింట మూడు వంతులు. 5 లేదా 6 పడాలంటే తొమ్మిదింట ఐదు. 6 మాత్రమే పడాలంటే 36లో 11. మొదటిది పెట్టుకుంటే తరిమిన దళం దాదాపు వచ్చినట్టే అనుకుని ధైర్యంగా ఆడతారు. మూడోది కఠిన నియమానికి మరో పేరు. నడిమిది నాకు నచ్చుతుంది, ఎందుకంటే తరమనా ఆగనా అని ఆలోచించవలసిన భయం అందులో ఉంది. ఏది పెట్టుకున్నా, ఆరో వంతు తర్వాత దాటిన దళానికి ఇందులో దారే లేదని ముందే గుర్తుపెట్టుకోండి.

అలా ఆలోచించి ఆపగలిగే వీలు కూడా నియమంలో ఉండాలి. మీ పుస్తకంలో తరమడం తప్పనిసరి, సేనాపతి ఆపలేడు. రాయచూరు దగ్గర నదీ తీరంలో ఊచకోత సాగుతుంటే కృష్ణదేవరాయలే జాలిపడి తన సేనను వెనక్కి పిలిచాడని ఆ కాలపు పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. సేనాపతి బొమ్మ 12 అంగుళాల లోపు ఉంటే పాచిక వేసి దళాన్ని నిలబెట్టవచ్చు అని ఒక్క వాక్యం చేరిస్తే, అంచు దాటే సందర్భాలు తగ్గుతాయి. మీ గుర్రాల విషయంలోనే చూడండి, మీ సేనాపతి ఆ వేళ నడిమధ్య ఫిరంగుల దగ్గర ఉన్నాడని రాశారు. పడమటి రెక్క దగ్గర ఉండి ఉంటే ఈ ఉత్తరమే వచ్చేది కాదు.

మూడో దారికి పాచికలు కూడా అక్కర్లేదు, మీ బీరువా వెనకే ఉంది. ఆ 2 అడుగుల ప్లై ముక్క పొడవు 4 అడుగులే కదా, మీ బల్ల వెడల్పు కూడా అంతే. దాన్ని ఒక స్టూలు మీద పెట్టి, పొట్టి పక్కల్లో దళం ఎటు దాటితే అటు చేర్చండి. మీ గుర్రాలు బయట తేలిన 4 అంగుళాలు దాని మీదే కొలవవచ్చు. ఆరో వంతులో వెనక్కి తిరుగుతాయి, ఏడో వంతులో 12 అంగుళాల నడకతో బల్ల మీదికి వస్తాయి. పోయినంత దూరమే రావాలి, అంతకు మించి వాదన లేదు. తగాదా తక్కువ, కొలత ఎక్కువ కాబట్టి ఇది నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి. అయితే ఆ ముక్కకూ ఒక అంచు ఉంటుంది, అది దాటినవాటిని పోయినట్టే అనుకోక తప్పదు. ఇంకొకటి, ఎవరూ తరమకుండా దళాన్ని ఆ ముక్క మీదికి ఎక్కించి చుట్టూ తిప్పుకు రావాలన్న ఆశ ఇద్దరికీ పుడుతుంది. పారిపోతున్న దళం, దాన్ని తరుముతున్న దళం తప్ప మరేదీ అక్కడ అడుగు పెట్టరాదు, అక్కడినుంచి కాల్పులు జరపరాదు అని రాసుకోకపోతే మీకు 8 అడుగుల బల్ల తయారవుతుంది తప్ప సమస్య తీరదు.

నాలుగోది మూడో మనిషిని కూర్చోబెట్టడం. 1824లో ప్రష్యా సైన్యాధికారులకు రైస్‌విట్జ్ చూపించిన క్రీగ్‌ష్పీల్ అనే యుద్ధపు ఆటలో ఇద్దరి నడుమ అంపైర్ తప్పనిసరి. తర్వాత 1876లో ప్రష్యా సేనాధికారి వెర్డి దు వెర్నువా పాచికల పట్టికలను పక్కనబెట్టి అనుభవజ్ఞుడైన అంపైర్ మాటే నియమం అన్నాడు. మంచి అంపైర్ ఉంటే ఇంతకంటే మేలైనది లేదు, కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్నేళ్ల క్రితం పాలమూరులో ఒక మిత్రుడింట్లో ఇలాంటి సందర్భంలోనే నన్ను తీర్పు చెప్పమన్నారు. చెప్పేముందు నేను బల్ల వైపు చూసి ఎవరు ఓడిపోతున్నారో గమనించాను, వాళ్ల దళం తిరిగి వస్తుందన్నాను. ఆట రక్తి కట్టాలని అలా చేశాను, అది తప్పు. అవతలివారి ముఖం మాడిపోవడం ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత నుంచి ఏ అంచు అవతల ఏముందో ఆటకు ముందే చీటీ మీద రాసి, మడిచి బల్ల కింద పెడుతున్నాను. మీ ఇంట్లో అలాంటి మూడో మనిషి అక్కే అవుతారు కాబట్టి, ఆమెను ఈ బాధ్యతలోకి లాగవద్దని నా సలహా.

హోల్కర్ దళం సంగతి విడిగా చెప్పాలి. 1761 జనవరి 14న మల్హర్ రావ్ పోరు వదిలి వెళ్లిపోయిన మాట నిజమే, ఆయన 1766 దాకా బతికి సైన్యాలు నడిపిన మాటా నిజమే. మీరు బల్ల మీద చేసింది చరిత్రకు విరుద్ధం కాదు. కానీ ఆ రోజు పానిపట్టులో మరాఠాలకు ఆ దళం ఉండీ లేనట్టే. చావడం వేరు, ఆ యుద్ధానికి లేకుండా పోవడం వేరు. మీ పాయింట్ల లెక్కలో ఈ రెంటికీ నడుమ ఏదీ లేదు. కావాలని వెళ్లినవాటికి ఏ నష్టమూ లెక్కగట్టకపోతే చివరి రెండు వంతుల్లో ఇద్దరూ దెబ్బతిన్న దళాలను చల్లగా దాటించి బల్ల ఖాళీ చేస్తారు. పూర్తి నష్టం లెక్కిస్తే ఎవరూ వెనకడుగు వేయరు, ప్రతి ఆటా చివరి సిపాయి దాకా సాగుతుంది. సగం పాయింట్లు, అది కూడా తమ వెనక అంచు నుంచి వెళ్తేనే అని పెట్టుకుంటే బాగుంటుందని నాకు అనిపిస్తోంది. ఒక యుద్ధం తర్వాత మరో యుద్ధంగా వరస ఆటలు ఆడేటట్టయితే, అలా వెళ్లిన దళాన్ని తర్వాతి ఆటలో పూర్తి బలంతో రానివ్వండి.

బావ విషయంలో కూడా మీకు మూడు నాలుగు దారులున్నాయి. ఆ ఆట ఆయనే గెలిచాడని ఒప్పుకోవచ్చు. గొడవ అప్పటికి చల్లారుతుంది, కానీ మీరు రాసినదాన్ని బట్టి ఆయన జాలి పడి ఇచ్చిన గెలుపు తీసుకునే మనిషిలా లేరు. ఫోన్‌లో ఫొటోలు ఉన్నాయి కాబట్టి ఐదో వంతు నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అప్పుడు బొమ్మలతో పాటు ఆ రోజు మాటలు కూడా మళ్లీ బల్ల మీదికి వస్తాయి. ఆ ఆటను అక్కడితో వదిలేసి, రాయచూరునే కొత్తగా, పక్షాలు మార్చి ఆడటం నాకు మేలనిపిస్తోంది. నదిని వెనక పెట్టుకుని నిలబడితే ఉత్తరపు అంచు ఎలా ఉంటుందో ఈసారి మీరు చూస్తారు. అంచు నియమాన్ని ఆయననే రాయమనండి. ఎవరిది ఏ పక్షమో ముందే తేలిపోయింది కాబట్టి ఏ అంచు ఎవరికి మేలు చేస్తుందో ఇద్దరికీ తెలుసు. తరువాతి ఆటల్లో మాత్రం ఒకరు నియమం రాయండి, పక్షాన్ని రెండోవారు ఎంచుకోండి. అలా రాసిన నియమం ఒక వైపుకు ఒరగదు.

పిలవడానికి అక్క చేత కబురు పంపవద్దు. ఆమె నడుమ ఉంటే ఆయన కాదనలేక వస్తారు, వచ్చినా మనసు విప్పరు. ఆదివారం దాకా ఆగకుండా పని రోజు సాయంత్రమే వెళ్లండి, నోటుబుక్కు తీసుకువెళ్లకండి. గుర్రాల మాట ఎత్తకుండా ఏనుగుల ముచ్చటతో మొదలుపెట్టండి. "బావా, ఏనుగులను తీసేటప్పుడు నేను నిన్ను అడగలే, పానిపట్టు అప్పుడు కూడా అడగలే" అంటే చాలు. ఆయన వెంటనే మెత్తబడకపోవచ్చు, మీ గుర్రాల గురించి మళ్లీ నిలదీయవచ్చు. అప్పుడు పుస్తకంలో ఏం రాసి ఉందో చెప్పాలన్న కోరిక మీకు తప్పక కలుగుతుంది. ఆ సాయంత్రానికి దాన్ని ఆపుకోండి. ఆయన రానని అంటే ఇంకో రెండు వారాలు ఆగి మళ్లీ వెళ్లండి. పదకొండేళ్ల ఆదివారాలకు అది పెద్ద గడువు కాదు.

సగం బయట, సగం లోపల ఉన్న దళం గురించి అడిగారు. దళాన్ని నిలబెట్టిన అట్ట ముక్కలో సగం కంటే ఎక్కువ బల్ల మీద ఉంటే అది లోపలే ఉన్నట్టు, అంచు వెంబడి జరిపి పూర్తిగా లోపలికి సర్దండి, ఆ వంతులో దానికి ఇంకో కదలిక ఉండదు. సగం కంటే ఎక్కువ బయటికి వెళితే దాటినట్టే. సరిగ్గా సగమైతే పాచిక వేయండి, ఆ పాచికను దళం ఎవరిదో వాళ్లు కాకుండా అవతలివారు వేయాలి. 2 అడుగుల ముక్క వాడేటట్టయితే ఈ ప్రశ్న దాని అవతలి అంచుకే మిగులుతుంది. ఆ ముక్కకు కూడా బల్లకు వేసిన పచ్చ రంగే వేసి, రెండూ కలిసే చోట కింద నుంచి రెండు బద్దలు కొట్టించండి, లేకపోతే గుర్రాలు ఆ సందులో తట్టుకుని పడిపోతాయి.